సాఫ్ట్‌వేర్‌లో సెలవులు ఎక్కిస్తే అందరి కనుమా గల్లంతయింది

పద్దులపిల్ల | 22 జనవరి 2025, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో హెచ్‌ఆర్‌లో చేస్తున్నాను. చదివింది బీకామ్, కోడింగ్ నా పని కాదు. రెండు రోజులుగా నిద్ర పట్టక ఇక్కడ రాస్తున్నాను.

మా పీలింగ్, గ్రేడింగ్ హాళ్లలో చేసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. హాల్లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. కాబట్టి యాప్‌లో ఎవరి లీవు వాళ్లు పెట్టుకోవడం మా దగ్గర జరగని పని. సూపర్‌వైజరు కాగితం మీద రాసిస్తుంది, నేను ఎక్సెల్‌లో ఎక్కిస్తాను, అక్కడి నుంచి ఒక స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ ఏపీఐకి (బయటి ప్రోగ్రాములు దానితో మాట్లాడే దారి) పంపిస్తుంది. ఆ స్క్రిప్టు రాసిన కుర్రాడు ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయాడు. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, మా కంపెనీ పేరు కూడా అడగొద్దు.

సంక్రాంతికి ప్లాంటు 14వ తేదీ ఒక్కరోజే పండగ సెలవు ఇచ్చింది. 214 మంది అటు భోగికీ ఇటు కనుమకీ ఈఎల్ (జీతంతో వచ్చే సెలవు) పెట్టుకున్నారు. ఒక్కొక్కరికి 13 నుంచి 15 వరకు అని ఒకే ఎంట్రీ పంపాను. మొన్న జీతాల ట్రయల్ రిపోర్టు తీస్తే దాదాపు అందరికీ 15వ తేదీ నాగా పడి ఉంది. పైగా లీవు ఖాతాలో రెండు రోజులు తగ్గాల్సింది ఒక్కరోజే తగ్గింది. నాగా పడితే ఆ రోజు జీతమే కాదు, నెల మొత్తం హాజరు బోనస్ కూడా పోతుంది.

నిన్న నేనే సరిచేద్దామని 17 మందికి ప్రయత్నించాను. అప్‌డేట్ అన్న దానితో కొత్త తేదీలు మాత్రం పంపాను. ఇప్పుడు ఆ 17 మందికి లీవు రకం ఎగిరిపోయి జీతం లేని సెలవు అని చూపిస్తోంది. ముట్టుకున్నకొద్దీ పాడవుతోంది. 25న జీతాలు లాక్ చేస్తారు. ఎవరైనా దారి చెప్పండి.

---

ఉండిరోడ్డు | 9:22

కనుమ నాడు మినుము తినాలంటారు. మీ సాఫ్ట్‌వేరు సెలవులు తింటున్నట్టుందండి.

---

కాకినాడకోడర్ | 9:40

వెటకారం తర్వాత, ముందు విషయం చూద్దాం. మేడమ్, మూడు చెప్పండి.

ఆఫీసు స్టాఫ్ ఎవరైనా అవే తేదీలకి స్క్రీన్ మీద నేరుగా లీవు కొట్టుకున్నారా? వాళ్లవి సరిగ్గా ఉన్నాయా? స్క్రిప్టు పంపిన ఒక ఎంట్రీని ఏపీఐ నుంచి తిరిగి చదివితే మొదలు తేదీ దగ్గర ఏముంది? మీ ప్లాంటుకి వారాంతపు సెలవు ఏ రోజు?

---

పద్దులపిల్ల | 10:05

స్క్రీన్ మీద కొట్టినవన్నీ బాగానే ఉన్నాయండి. స్క్రిప్టు ద్వారా వెళ్లినవే తేడా. తిరిగి చదివితే మొదలు తేదీ దగ్గర 2025, 01, 12 అని, పక్కన 18:30 అని, చివర్లో జడ్ అనే అక్షరం ఉంది. 12వ తేదీ సాయంత్రం ఆరున్నరకి లీవు ఎవరు అడిగారో నాకు అర్థం కావట్లేదు. వారం సెలవు ఆదివారం. స్క్రీన్‌షాట్ పెడుతున్నాను చూడండి.

(స్క్రీన్‌షాట్ తొలగించబడింది)

---

మోడరేటర్ | 10:09

స్క్రీన్‌షాట్ నేనే తీసేశాను. అందులో మీ ఏపీఐ టోకెను (లోపలికి వెళ్లే తాళంచెవి లాంటి కోడు) మొత్తం కనిపిస్తోంది, నలుగురు ఉద్యోగుల పేర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉన్నాయి. ఆ టోకెను ఈ రాత్రికే రద్దు చేసి కొత్తది తీసుకోండి. అది ఉన్నవాడు మీ పేరు మీద ఎవరి లీవైనా మార్చేయగలడు. నాలుగు నిమిషాలు బయట ఉంది, ఎవరూ చూసి ఉండరులే అనుకోకండి.

---

పద్దులపిల్ల | 10:31

అయ్యో, క్షమించండి. టోకెను మార్చాను.

---

కాకినాడకోడర్ | 10:58

దొరికిందండి. అసలు దొంగ ఆ జడ్.

జడ్ అంటే ఆ టైము యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉందని గుర్తు. మన గడియారం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మీరు ఎక్సెల్‌లో 13 జనవరి అని కొడితే, స్క్రిప్టు దాన్ని 13వ తేదీ అర్ధరాత్రి సున్నా గంటలు అనుకుంది. పంపేముందు యూటీసీలోకి మార్చింది. మనకి అర్ధరాత్రి అయ్యేసరికి యూటీసీలో ఇంకా ముందురోజు సాయంత్రం 6:30. అవతలి సాఫ్ట్‌వేరు టైము వదిలేసి తేదీ ముక్క మాత్రం తీసుకుంది. అలా 13 కాస్తా 12 అయింది, 15 కాస్తా 14 అయింది. జావాస్క్రిప్టులో తేదీని అక్షరాలుగా మార్చే ఒక మామూలు ఫంక్షనుతో ఇది రోజూ ఎక్కడో ఒకచోట జరిగేదే. అమెరికాలో కూర్చుని రాసినవాడికి తప్పు ఇంకో రకంగా వస్తుంది, మనకి మాత్రం ఎప్పుడూ ఒకరోజు వెనక్కే జరుగుతుంది.

ఇప్పుడు మీ లెక్క చూడండి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సెలవు 12 నుంచి 14. అందులో 12 ఆదివారం, కోత ఉండదు. 13 ఒక ఈఎల్. 14 పండగ సెలవు, కోత ఉండదు. మొత్తం ఒక్కరోజు. 15కి ఏ లీవూ లేదు, పంచ్ (హాజరు మెషీనులో నమోదు) కూడా లేదు, కాబట్టి నాగా. మీకు కనిపించిన రెండు వింతలూ ఈ ఒక్క తప్పు నుంచే వచ్చాయి.

మందు: లీవుకి టైముతో పని లేదు. స్క్రిప్టులో తేదీని తేదీగా కాకుండా ఉత్త అక్షరాలుగా పంపాలి. సంవత్సరం, నెల, రోజు, మధ్యలో గీతలు, అంతే. ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చి అదే వరసలో కొట్టండి.

ఇక ఆ 17 మంది సంగతి. చాలా ఏపీఐల్లో మార్చడానికి రెండు పద్ధతులుంటాయి, పుట్ ఒకటి, ప్యాచ్ ఒకటి. ప్యాచ్ అంటే మాసిక. చిరిగినచోట మాత్రం గుడ్డ వేస్తాం. పుట్ అంటే చొక్కానే మార్చేయడం. పాత చొక్కా జేబులో ఉన్నది తీసి పెట్టుకోకపోతే దాంతోపాటే పోతుంది. మీరు పుట్ చేస్తూ తేదీలు మాత్రం పంపారు, లీవు రకం పంపలేదు. వాళ్లు ఖాళీగా వచ్చిన దాన్ని జీతం లేని సెలవు కింద వేసుకున్నారు.

అన్నిచోట్లా ఇలాగే ఉంటుందనుకోకండి. ఫ్రాపే హెచ్‌ఆర్‌లో పుట్ చేసినా పంపిన ఫీల్డులే మారతాయి. కానీ సబ్మిట్ అయిపోయిన లీవు అప్లికేషన్‌లో తేదీలు మార్చనివ్వదు, కాన్సిల్ చేసి అమెండ్ చేయాల్సిందే. పేరు చూసి నమ్మకుండా మీ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ చదవండి, తర్వాత ఒక్క మనిషి మీద ప్రయత్నించండి.

---

ఆక్వాఅకౌంట్స్ | 11:20

ఇంత పెద్ద ప్రవచనం అక్కర్లేదండి. 25 లోపు జీతాలు కదలాలి. లీవు బేలెన్స్ సర్దుబాటు అని ఒక స్క్రీన్ ఉంటుంది, అందులో 214 మందికీ ఒకటి తగ్గించండి. హాజరులో 15వ తేదీని ప్రెజెంట్ అని బల్క్‌గా మార్చేయండి. అరగంట పని. మేము ప్రతి ఏడాదీ చేస్తాం.

---

గట్టుమీదిగుమాస్తా | 23 జనవరి, ఉదయం 5:50

ఆక్వా బాబూ, నువ్వు చెప్పింది చదివి కాఫీ చల్లారిపోయింది.

నేను మండపేట వైపు రైసు మిల్లులో 31 ఏళ్లు గుమాస్తాగా చేశాను. మస్టరు రోలు చేత్తో రాసిన కాలం. చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు ఏం జరిగిందో చిట్టాలో రాస్తాం. అక్కడి నుంచి మోసుకొచ్చిన మొత్తం ఆవర్జాలో పడుతుంది. ఆవర్జాలో అంకె తేడాగా ఉంటే ఆవర్జాలో దిద్దినవాడిని మా షావుకారు పనిలోంచి తీసేసేవాడు. చిట్టాలో తప్పెక్కడుందో వెతికి, ఆ వరసని ఎర్ర సిరాతో కొట్టి, చదవడానికి వీలుగా ఉంచి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద కొత్త వరస రాయాలి. బేలెన్స్ అంటే ఆవర్జా. లీవు ఎంట్రీ అంటే చిట్టా. నువ్వు చెప్పినట్టు చేస్తే బేలెన్స్ సరిపోతుంది. కానీ కనుమ నాడు ఊళ్లో ఉన్న మనిషి ప్లాంటులో పనిచేసినట్టు రికార్డు తయారవుతుంది. ఆ రోజు ప్లాంటులో ఏదైనా ప్రమాదం జరిగిందనుకో, ఇన్‌స్పెక్టరు వచ్చి హాజరు అడిగితే 214 మంది లోపలున్నారని చూపిస్తావా?

అమ్మాయ్, పద్దులపిల్లా, నువ్వు ఆ దారిన వెళ్లకు. తప్పు ఎంట్రీ రద్దు చేసి కొత్త ఎంట్రీ వెయ్యి. పాతది అక్కడే కనబడాలి.

---

ఆక్వాఅకౌంట్స్ | ఉదయం 8:15

బాబాయ్ గారూ, ప్రమాదం సంగతి నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ ఒక మాట. 13 లీవు, 14 సెలవు, 15 లీవు అయితే శాండ్‌విచ్ రూలు ప్రకారం మూడు రోజులూ కోయాలి కదా? రెండే అంటున్నారేంటి?

---

గట్టుమీదిగుమాస్తా | 8:40

ఎవరి శాండ్‌విచ్ బాబూ అది? మీ కంపెనీ పాలసీ కాగితంలో ఉండొచ్చు. ఫ్యాక్టరీల చట్టం, 1948, సెక్షన్ 79 తీసి చదువు. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకి, చేసిన ప్రతి 20 రోజులకీ ఒకరోజు చొప్పున జీతంతో సెలవు. ఆ సెలవు లెక్కలో మధ్యలో వచ్చినా, ఇటు చివర అటు చివర వచ్చినా పండగ సెలవులు కలపకూడదని దాని వివరణలోనే ఉంది. ఆఫీసు వాళ్ల సీఎల్‌కి మీరు ఏ రూలు పెట్టుకుంటారో మీ ఇష్టం. పీలింగ్ హాలు ఆడపిల్లల ఈఎల్‌లో ముద్ద కలిపితే మాత్రం ఒప్పుకోరు.

వాడకుండా మిగిలింది 30 రోజుల దాకా మరుసటి ఏడాదికి మోసుకెళ్లొచ్చు. అడిగినా ఇవ్వకుండా యాజమాన్యం కాదన్న సెలవుకి ఆ హద్దు కూడా లేదు. ఇది చాలామంది సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం మర్చిపోతారు. డిసెంబర్ 31 రాత్రి అన్నిటినీ ఒకే కత్తెరతో 30కి కత్తిరిస్తారు.

(మోడరేటర్ గమనిక: ఇది 2025 జనవరి నాటి మాట. ఈ చట్టం 2025 నవంబర్ దాకా అమల్లో ఉండేది.)

---

కొబ్బరిమట్ట | 9:30

మాది అమలాపురం వైపు, కొబ్బరి పీచు యూనిట్. 2022 జూలై వరదల్లో మాకూ ఇలాంటిదే అయింది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక మా లంకల వాళ్లు ఎవరూ ఇల్లు కదల్లేదు. కదలడానికి దారీ లేదు, పడవలే. మెషీనులో పంచ్ లేదు కాబట్టి అందరికీ నాగా. యజమాని మంచివాడు, జీతం ఇచ్చేద్దాం అన్నాడు. ఆయన అనేశాడు కానీ దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎలా చూపించాలో ఎవరికీ తెలియదు. ఈఎల్ వేస్తే వాళ్ల ఖాతాలో కోత పడుతుంది. చివరికి 'వరద సెలవు' అని కొత్త లీవు రకం సృష్టించి, జీతం ఉంటుంది, బేలెన్స్ అక్కర్లేదు అని టిక్ పెట్టి ఎక్కించాం. ఏపీఐలో ఆ రకం పేరు పంపితే ఒప్పుకోలేదు, దాని కోడు నంబరు కావాలంది. 422 అని ఎర్రర్ వస్తుంటే సగం రోజు పోయింది.

ఆ లీవు రకం ఇప్పటికీ ఉంది. ప్రతి జూలైలో తీసి దుమ్ము దులుపుకోవడమే.

---

మొగల్తూరుకుర్రాడు | మధ్యాహ్నం 1:12

అక్కా, మీరు ఏ ప్లాంటో నాకు తెలియదు, అడగను. మా అమ్మ కూడా ఇలాంటి ప్లాంటులోనే పీలింగ్ చేస్తుంది. పొద్దున్నే నాలుగున్నరకి బస్సు ఎక్కుతుంది. మీరు పుట్ అంటున్నారు, ప్యాచ్ అంటున్నారు. మా ఇంటికి వచ్చేది పేస్లిప్ ఒక్కటే, అందులో 'ఎల్‌ఓపీ 1' అని ఉంటుంది, అంటే ఒకరోజు జీతం కోత. ఎందుకు పడిందో అమ్మకి తెలియదు. సూపర్‌వైజర్ని అడిగితే కంప్యూటర్‌లో అలాగే ఉంది అంటుంది. కంప్యూటర్‌లో ఉందంటే ఇంక మాట్లాడ్డానికి ఏముంటుంది. పోయిన సంక్రాంతికీ అమ్మకి హాజరు బోనస్ పోయింది. అప్పుడూ ఇదే తేదీ గొడవేమో అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

మీరు సరిచేశాక వాళ్లకి చూపించండి. అంతే.

---

పద్దులపిల్ల | 23 జనవరి, రాత్రి 10:47

తమ్ముడూ, నీ పోస్టు మధ్యాహ్నమే చూశాను. వెంటనే ఏం రాయాలో తెలియలేదు. చూపిస్తాను.

ఇవాళ చేసింది చెప్తాను. కోడర్ గారు చెప్పినట్టు ముందు అందరి ఎంట్రీలూ ఏపీఐ నుంచి చదివి వేరే ఫైల్లో దాచుకున్నాను. ముగ్గురి మీద ప్రయత్నించాను: రద్దు, కొత్త ఎంట్రీ, మళ్లీ చదవడం. తేదీలు 13, 15 గానే వచ్చాయి, టైము లేదు, జడ్ లేదు. ఏడుపొచ్చినంత పనైంది.

ధైర్యం వచ్చి మొత్తం వదిలాను. అరవై మంది దాకా వెళ్లి 429 అని ఆగింది. మళ్లీ మొదలుపెడితే కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు నెట్ పోయింది. ఎవరిది వెళ్లిందో ఎవరిది వెళ్లలేదో తెలియదు. మళ్లీ మొదటి నుంచి నడిపితే కొంతమందికి 409 వస్తోంది. ఆపేసి కూర్చున్నాను. రెండుసార్లు కోత పడిపోయిందా?

---

కాకినాడకోడర్ | 11:02

లేదు లేదు. టెన్షన్ పడకండి. 409 వచ్చిందంటే మంచిదే. అవే తేదీలకి ఆ మనిషికి ఇప్పటికే ఎంట్రీ ఉంది, రెండోది వేయను అని సాఫ్ట్‌వేరు చెబుతోంది. అలా అడ్డం పడని సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి, వాటిలో అయితే ఈపాటికి ఒక్కొక్కరికి నాలుగు కనుమలు ఉండేవి.

429 అంటే తొందరపడుతున్నావు, నెమ్మదిగా పంపు అని. ఒక్కో ఎంట్రీకి మధ్య రెండు సెకన్లు ఆగేలా పెట్టండి. 214 మందికి ఏడెనిమిది నిమిషాలు. మనకి అంత తొందర లేదు.

ఇంకోటి. ఎక్సెల్‌లో ఒక కాలమ్ కలపండి, ప్రతి వరసకీ మీ సొంత నంబరు. దాన్ని లీవు ఎంట్రీలో రిమార్క్స్‌లో పంపండి. పంపేముందు ఆ నంబరుతో ఎంట్రీ ఉందా అని స్క్రిప్టు అడగాలి. ఉంటే దాటెయ్యాలి, లేకపోతే వెయ్యాలి. అప్పుడు కరెంటు పదిసార్లు పోయినా మొదటి నుంచి నడుపుకోవచ్చు. స్క్రిప్టులో ఆ నాలుగు వరసలు నేను రాసి మెసేజ్‌లో పంపుతాను. టోకెను మాత్రం నాకు పంపకండి.

---

గట్టుమీదిగుమాస్తా | 24 జనవరి, ఉదయం 5:40

అంతా అయ్యాక అడ్డు నిలువు కూడాలి అమ్మాయ్. మనిషికి ఎన్ని, మొత్తానికి ఎన్ని. రెండూ కలవాలి. కలవకపోతే ఎక్కడో ఎవరి పద్దులోనో ఇంకొకరిది పడినట్టు.

---

పద్దులపిల్ల | 24 జనవరి, మధ్యాహ్నం 2:20

బాబాయ్ గారూ, మీ నోటి వాక్కు.

కూడితే మొత్తంలో రెండు రోజులు తక్కువ వచ్చాయి. గంటసేపు వెతికాను. మా దగ్గర కాంట్రాక్టు వాళ్ల టోకెన్లు (ఉద్యోగి నంబర్లు, ఆ ఏపీఐ టోకెను కాదు) సున్నాతో మొదలవుతాయి. పర్మనెంటు వాళ్లవి సున్నా లేకుండా. పండగ లీవు పెట్టింది 0417. ఎక్సెల్ ముందున్న సున్నా మింగేసి 417 చేసింది. 417 ఎవరంటే, ప్రసూతి సెలవులో ఉన్న ఆవిడ. నేను మొన్న చేత్తో సరిచేసిన 17 మందిలో ఈ టోకెను ఉంది. 18 నవంబర్ నుంచి మొదలైన ఆమె సెలవు ఎంట్రీ మీద 13 నుంచి 15 జనవరి అని రాసేశాను. సాఫ్ట్‌వేరు లెక్కలో ఆవిడ నవంబర్ నుంచి పనిలోకి రాకుండా తిరుగుతున్నట్టు, పండగకి మాత్రం సెలవు అడిగినట్టు అయింది.

ఇప్పుడు చివరి తేదీ ఎంత పెట్టాలి? నా ఫైల్లో ఉన్నది నేను పాడుచేశాక తీసిన కాపీ.

---

గట్టుమీదిగుమాస్తా | 2:35

26 వారాలు. 182 రోజులు. 2017లో చట్టం సవరించారు, అంతకుముందు 12 వారాలే. ఇద్దరు బిడ్డలు బతికుండగా మూడో కాన్పు అయితే ఇప్పటికీ 12 వారాలే. ఈమెది మొదటిదో రెండోదో అయితే 18 నవంబర్ 2024 మొదటి రోజుగా లెక్కపెట్టు. నవంబర్‌లో 13, డిసెంబర్ 31, జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30. ఇప్పటికి 164. మిగిలింది 18. మే 18 ఆఖరి రోజు. 19న పనిలోకి. మొదలూ చివరా రెండూ లెక్కలోకి వస్తాయి, 182 కలిపి 19 అని రాయకు.

నా లెక్క నమ్మి ఊరుకోకు. ఆమె ఇచ్చిన దరఖాస్తు తీసి చూడు.

---

కాకినాడకోడర్ | 2:50

ఆమె ఎంట్రీలో మార్పుల చరిత్ర అని ఉంటుంది చూడండి. ఎవరు, ఎప్పుడు, ఏ విలువ నుంచి ఏ విలువకి మార్చారో అందులో ఉంటుంది. పాత చివరి తేదీ అక్కడే దొరకాలి. ఈ పని త్వరగా చెయ్యండి. ఈఎస్ఐ వాళ్ల ప్రసూతి భృతి ఆమె ఆ రోజుల్లో పనిచేయలేదన్న దాని మీదే ఆధారపడుతుంది.

టోకెన్ కాలమ్‌ని కూడా టెక్స్ట్ చెయ్యండి. ఎక్సెల్‌కి సున్నా అంటే విలువ లేనిది. మనకి అది ఒక మనిషి.

---

పద్దులపిల్ల | సాయంత్రం 4:05

దొరికింది! చరిత్రలో మే 18 అనే ఉంది. దరఖాస్తులో కూడా అదే. పునరుద్ధరించాను. 0417 ఆవిడకి విడిగా వేశాను.

ఇంకొక్క సందేహం. ఫ్రీజింగ్ సెక్షన్ వాళ్లు 9 మంది నైట్ షిఫ్టు. 13 రాత్రి 10కి ఎక్కి 14 ఉదయం 6కి దిగాల్సిన షిఫ్టుకి లీవు పెట్టారు. 15 రాత్రి డ్యూటీకి వచ్చారు, పంచ్ ఉంది. నేను వాళ్లకీ అందరితోపాటు 13 నుంచి 15 అని పంపేశాను. వీళ్లకి ఎన్ని రోజులు?

---

గట్టుమీదిగుమాస్తా | 4:30

ఒక్కటే. తేదీ 13. అదే ఫ్యాక్టరీల చట్టం, సెక్షన్ 57. అర్ధరాత్రి దాటే షిఫ్టులో, దాటాక చేసిన గంటలు ముందురోజు ఖాతాలోకే వెళ్తాయి. 14 ఉదయం ఆరింటి దాకా వాళ్లకి ఇంకా భోగే.

---

ఉండిరోడ్డు | 4:34

రెండు రోజుల భోగి. పుట్టి పెరిగితే ఫ్రీజింగ్ సెక్షన్‌లోనే పుట్టాలి.

---

పద్దులపిల్ల | 25 జనవరి, సాయంత్రం 6:18

అయిపోయిందండి. 205 మందికి రెండేసి, 9 మందికి ఒక్కొక్కటి. మొత్తం 419. సాఫ్ట్‌వేరు 419 చూపించింది, నా కాగితం మీద 419. అడ్డం నిలువు రెండూ కలిశాయి. 15వ తేదీ నాగా సున్నా. రద్దయిన పాత ఎంట్రీలు అలాగే కనిపిస్తున్నాయి, పక్కన నా పేరు, కారణం. జీతాలు మధ్యాహ్నం మూడింటికి లాక్ చేశారు.

మేనేజరు గారు ఈ 419 అంకె మీద రెండుసార్లు సంతకం పెట్టించుకున్నారు. తప్పెలా జరిగిందని అడిగితే ఐదున్నర గంటల తేడా అని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు, నేనూ పొడిగించలేదు.

మొగల్తూరు తమ్ముడూ, లీవుల పట్టిక ప్రింటు తీసి పొద్దున్న బట్టలు మార్చుకునే గది బయట అతికించాను. టోకెను నంబరు, తేదీలు, ఇంకా ఎన్ని ఈఎల్ మిగిలాయో. పేర్లు పెట్టలేదు. షిఫ్టు దిగాక చాలామంది నిలబడి చూశారు. చదవలేనివాళ్లకి పక్కవాళ్లు చదివి చెప్పారు. యాభై దాటిన ఒకావిడ గోడ కేలండరు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని తెచ్చింది. పాలప్యాకెట్ల లెక్క, చీటీపాట తేదీలు, వాటి మధ్యలో పనికి రాని రోజులకి సున్నాలు చుట్టి ఉన్నాయి. నన్ను కూర్చోబెట్టి ఏడాది మొత్తం ఒక్కో సున్నా సరిచూసింది. అన్నీ కలిశాయి. డిసెంబర్ 28 ఒక్కటి కలవలేదు. సాఫ్ట్‌వేర్‌లో పూర్తి రోజు, ఆవిడ కేలండర్లో సగం సున్నా.

---

కాకినాడకోడర్ | 6:40

హాఫ్ డే ఫీల్డు వేరే ఉంటుంది, స్క్రిప్టు దాన్ని పంపుతోందా చూడండి.

---

గట్టుమీదిగుమాస్తా | 6:52

స్క్రిప్టు తర్వాత. ముందు సూపర్‌వైజరు రాసిచ్చిన కాగితం ఏమంటోంది?

---

పద్దులపిల్ల | 7:30

తీశాను. 'అర' అని స్పష్టంగా రాసి ఉంది. ఎక్సెల్‌లో కొట్టింది నేను. ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను, సోమవారం మార్చి ఆ అర రోజు ఖాతాలో కలుపుతానని. 'కేలండర్లో టిక్కు పెట్టుకోమంటావా అమ్మా' అని అడిగింది. మార్చాక పెట్టుకోండి అన్నాను.